పిల్లులు చంపిన పిట్టలెన్ని, వాటి వల్ల తగ్గిన పిట్టలెన్ని: రెండు వేర్వేరు లెక్కలు

పిల్లులు ఏటా వందల కోట్ల పక్షులను చంపేస్తున్నాయన్న వార్త తరచూ తిరిగి తిరిగి వస్తుంటుంది. దాని వెనకే మరో మాట వినిపిస్తుంది: పిల్లుల వల్ల పక్షుల సంఖ్య తగ్గిందనడానికి గట్టి ఆధారం లేదని. రెండింటినీ చెప్పింది ఈ రంగంలో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లే. రెండూ నిజం కావచ్చు, ఎందుకంటే అవి రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. ఒకటి చావుల లెక్క, రెండోది మిగిలినవాటి లెక్క. మొదటి లెక్క ఎంత పెద్దదైనా రెండోది కదలకుండా ఉండే చోట్లున్నాయి. మొదటిది చాలా చిన్నదైనా రెండోది సున్నాకు చేరిన చోట్లూ ఉన్నాయి. ఏది ఎక్కడ, ఎందుకు జరుగుతుందో తెలిస్తేనే ఈ చర్చ అర్థమవుతుంది.

ఏ పిల్లి గురించి మాట్లాడుతున్నాం?

పిల్లి అనగానే ఒకే జంతువు మనసులో మెదులుతుంది కానీ, లెక్కలు వేసేవాళ్లు మూడు రకాలుగా విడదీస్తారు. ఇంట్లో తిని, ఇంట్లో పడుకుని, కొన్ని గంటలు బయట తిరిగి వచ్చే పెంపుడు పిల్లి ఒకటి. ఎవరికీ చెందకుండా, మనుషులు పెట్టిన తిండి మీదో చెత్తకుప్పల మీదో సగం ఆధారపడుతూ గుంపుగా ఉండే వీధి పిల్లి రెండోది. మనుషుల ఆసరా ఏమాత్రం లేకుండా పుట్టి పెరిగి, కేవలం వేట మీద బతికేది మూడోది, దీన్ని ఫెరల్ పిల్లి అంటారు. మూడూ ఒకే జాతి. సుమారు పది వేల ఏళ్ల కిందట పశ్చిమాసియాలో ధాన్యం కొట్ల చుట్టూ ఎలుకల కోసం చేరిన ఆఫ్రికా అడవి పిల్లి సంతతే ఇవన్నీ. అడవుల్లో తమంత తాముగా ఉండే వేరే పిల్లి జాతులు ఈ చర్చలోకి రావు. అవి తమ చోట్లలో ఎప్పటి నుంచో ఉన్న వేటగాళ్లు, చాలా చోట్ల అవే ప్రమాదంలో ఉన్నాయి.

ఈ విభజన ఎందుకు ముఖ్యమంటే, చంపే సంఖ్యలో మూడింటికీ పెద్ద తేడా ఉంది. ఫెరల్ పిల్లి కడుపు నింపుకోవాలంటే ప్రతిరోజూ చంపాల్సిందే. పెంపుడు పిల్లుల్లో కొన్ని అసలు వేటే ఆడవు, కొన్ని మాత్రం వారానికి రెండు మూడు ప్రాణాలు తీస్తాయి.

తిండి కడుపునిండా పెడితే వేట మానేస్తుందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా మానదు. పిల్లి తినే ఎర చాలా చిన్నది, ఒక ఎలుకతో రోజు గడవదు. ఒక్కో ప్రయత్నంలో విఫలమయ్యే అవకాశమూ ఎక్కువే. ఆకలి వేసేదాకా ఆగి అప్పుడు బయల్దేరితే బతకడం కష్టం. అందుకే కదిలే చిన్న ప్రాణి కనబడగానే పొంచి దూకే స్వభావం ఆకలితో నిమిత్తం లేకుండా పనిచేసేలా దాని ఒంట్లో స్థిరపడింది. చుంచెలుకల్లో చాలా రకాలు పిల్లికి రుచించవు. అయినా వాటిని చంపి, తినకుండా వదిలేస్తుంది.

వందల కోట్ల అంకె ఎలా పుడుతుంది?

ఎక్కువగా వినబడే అంకె అమెరికాది. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం అక్కడ స్వేచ్ఛగా తిరిగే పిల్లులు ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులను, 630 కోట్ల నుంచి 2,230 కోట్ల క్షీరదాలను చంపుతున్నాయి. పక్షుల్లో సుమారు 69 శాతం, క్షీరదాల్లో సుమారు 89 శాతం యజమాని లేని పిల్లుల వాటా. అదే ఏడాది కెనడాకు వేసిన అంచనా 10 కోట్ల నుంచి 35 కోట్ల పక్షులు. ఆస్ట్రేలియాలో అన్ని రకాల పిల్లులూ కలిపి ఏటా సుమారు 37.7 కోట్ల పక్షులని 2017 అంచనా.

కింది అంకెకూ పై అంకెకూ ఇంత దూరం ఎందుకు? ఎవరూ చచ్చిన పిట్టలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు. కొన్ని కొలతలను ఒకదానితో ఒకటి గుణించి అంచనాకు వస్తారు. ఒక ఊహాత్మక పట్టణంతో చూద్దాం. అక్కడ 1,000 పెంపుడు పిల్లులున్నాయి.

తక్కువ వైపు నుంచి మొదలుపెడితే, 400 పిల్లులు బయట తిరుగుతాయి. వాటిలో సగం, అంటే 200, వేటాడతాయి. ఒక్కోటి ఏడాదికి 5 పిట్టలను ఇంటికి తెస్తుంది. తేకుండా వదిలేసినవాటి కోసం 1.2తో గుణిస్తాం. మొత్తం 1,200.

ఎక్కువ వైపు నుంచి అయితే, 700 పిల్లులు బయట తిరుగుతాయి. 80 శాతం, అంటే 560, వేటాడతాయి. ఒక్కోటి 12 తెస్తుంది. తేనివాటి కోసం 3.3తో గుణిస్తాం. మొత్తం దాదాపు 22,200.

రెండు లెక్కల్లోనూ ఏ ఒక్క సంఖ్యా అసాధ్యమైనది కాదు. అయినా ఫలితంలో తేడా 18 రెట్లు. అన్నిటికంటే జారుడుగా ఉండేది ఆ చివరి గుణకం. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణంలో 55 పెంపుడు పిల్లుల మెడలకు చిన్న కెమెరాలు కట్టి చూసినప్పుడు 44 శాతం వేటాడాయి. పట్టినవాటిలో ఇంటికి చేరినవి 23 శాతమే. 28 శాతాన్ని అక్కడే తినేశాయి, 49 శాతాన్ని చంపినచోటే వదిలేశాయి. గుమ్మం దగ్గర ఒక పిట్ట కనబడిందంటే, బయట ఇంకో మూడు ప్రాణాలు పోయి ఉండొచ్చన్నమాట. ఇంతకుముందు యజమానులు తమ పిల్లి తెచ్చినవాటిని రాసిపెట్టిన లెక్కలన్నీ ఈ కోణంలో తక్కువ అంచనాలే. ఉదాహరణకు బ్రిటన్‌లో 1997 ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు 986 పిల్లులు 14,370 ప్రాణులను ఇంటికి తెచ్చాయి. దీన్ని దేశం మొత్తానికి విస్తరించి, ఐదు నెలల్లో సుమారు 9.2 కోట్ల ప్రాణులు పిల్లుల నోటికి చిక్కాయని తేల్చారు. అయితే ఆ సర్వేలో పాల్గొన్నవాళ్లలో వేటాడే పిల్లులున్నవాళ్లే ఎక్కువ ఉత్సాహంతో చేరి ఉంటారని, అందువల్ల అంకె పెరిగి ఉండొచ్చని ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఒక లోపం అంకెను కిందికి లాగుతుంటే మరొకటి పైకి లాగుతుంది.

యజమాని లేని పిల్లుల విషయంలో మరో గండి ఉంది: అవి ఎన్ని ఉన్నాయో తెలియడమే కష్టం. ఆస్ట్రేలియాలో ఎంతో శ్రమపడి తేల్చిన సంఖ్య కూడా కరువు తర్వాత 21 లక్షలు, వానలు బాగా కురిసిన ఏళ్ల తర్వాత 63 లక్షలు.

ఇక్కడే ఇంకో గందరగోళం. ఉత్తర అమెరికా 1970 నుంచి సుమారు 300 కోట్ల పక్షులను కోల్పోయిందని 2019లో మరో అధ్యయనం వెలువడింది. ఈ అంకెనూ పిల్లుల అంకెనూ పక్కపక్కన పెట్టి, పిల్లులే దీనికంతటికీ కారణమని చెప్పేవాళ్లున్నారు. అది తప్పు పోలిక. 300 కోట్లనేది ఐదు దశాబ్దాల్లో తగ్గిన నిల్వ. పిల్లులది ఒక్క ఏడాదిలో జరిగిన చావుల సంఖ్య, ఆ ఏడాది పుట్టి రాలిపోయే పిల్లలు కూడా అందులో ఉంటాయి. నిల్వనూ ఖర్చునూ కలిపి చదవకూడదు.

150 చచ్చినా తగ్గని జాతి, 10 చస్తే అంతరించే జాతి

ఈ విషయంలో అసలు చిక్కుముడి ఇదే. కొంచెం నిదానంగా విప్పుదాం.

ఒక చిన్న పాటల పిట్ట జాతిని తీసుకుందాం. 100 జంటలు, అంటే 200 పెద్ద పిట్టలు. ఇలాంటి జాతుల్లో ఏడాదికి సగం పెద్దవి సహజంగానే చనిపోతాయి. ఒక్కో జంట 5 పిల్లలను గూటి నుంచి ఎగరేస్తుంది, మొత్తం 500. చనిపోయిన 100 పెద్ద పిట్టల స్థానం భర్తీ కావాలంటే ఆ 500లో 100 బతికితే చాలు. అంటే పిల్లి లేకపోయినా ఏటా 400 పిల్లలు, 100 పెద్దవి పోతూనే ఉంటాయి. అయినా జాతి నిలకడగా ఉంటుంది.

ఇప్పుడు పిల్లులు ఆ 500 పిల్లల్లో 150ని చంపాయనుకుందాం. తర్వాత ఏమవుతుందన్నది మిగిలిన 350కి ఏం జరుగుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ ప్రాంతంలో చలికాలపు తిండి 100 కొత్త పిట్టలకే సరిపోతుందనుకుంటే, 350లో ఎలాగూ 250 ఆకలితో పోతాయి, 100 మిగులుతాయి. పిల్లి చంపిన 150 వేరే విధంగా చావాల్సినవే. వచ్చే ఏడాదికీ 200 పిట్టలుంటాయి. దీన్ని పూడిపోయే మరణం అంటారు.

తిండికి కొదవ లేదనుకుందాం. ప్రతి పిల్లకూ బతికే అవకాశం ఎప్పటిలాగే అయిదింట ఒక వంతు. అప్పుడు 350లో 70 మాత్రమే మిగులుతాయి. వచ్చే ఏడాదికి 170. అదే నిష్పత్తి కొనసాగితే 145, 123, 104, ఐదో ఏటికి 89. సగానికన్నా తక్కువ. ఇది అదనపు మరణం.

చంపినవి రెండు సందర్భాల్లోనూ 150. ఫలితాలు మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. ప్రకృతిలో చాలా చోట్ల నిజం ఈ రెండు చివరల మధ్య ఎక్కడో ఉంటుంది.

ఇక ఒక సముద్రపక్షి. పెట్రెల్ లాంటివి ఏడాదికి ఒకే గుడ్డు పెడతాయి. చాలా ఏళ్లకుగానీ సంతానానికి సిద్ధం కావు. ఆ లోటును దీర్ఘాయువుతో పూడ్చుకుంటాయి. మళ్లీ 100 జంటలు, 200 పెద్ద పక్షులు అనుకుందాం. ఏడాదికి 10 మాత్రమే సహజంగా చనిపోతాయి. ఏటా ఎదిగి వచ్చి చేరే కొత్తవీ 10. లెక్క సరిపోతుంది. ఇప్పుడు ఒకే ఒక్క పిల్లి నెలకు ఒకటి కూడా కాదు, ఏడాది మొత్తంలో 10 పెద్ద పక్షులను పట్టిందనుకుందాం. వాటిని భర్తీ చేసే మిగులు ఈ జాతికి లేదు. ఏటా 10 చొప్పున తగ్గుతూ పోతే పదేళ్లకు సగం, ఇరవై ఏళ్లకు సున్నా.

పైన 150 పోయినా కదలని జాతి, ఇక్కడ 10కే తుడిచిపెట్టుకుపోయింది. వార్తల్లో వచ్చే అంకె చూసి నష్టాన్ని కొలవలేకపోవడానికి కారణం ఇదే. ఏ జాతి, ఎంత వేగంగా పిల్లలు కంటుంది, పోయినవి పిల్లలా పెద్దవా అనేవే తేలుస్తాయి.

దీవుల్లో వాదానికి తావు లేదు

వేట క్షీరదాలు ఎప్పుడూ లేని దీవుల్లో పక్షులు నేల మీద, బొరియల్లో గూళ్లు పెడతాయి. కొన్ని ఎగరడమే మరిచాయి. పిల్లి వాసనకు బెదరాలన్న జ్ఞానం వాటికి లేదు. అలాంటి చోట పిల్లి అడుగుపెడితే ఏం జరుగుతుందో చరిత్ర రాసిపెట్టి ఉంది. 2016లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం పిల్లులకు సంబంధమున్న అంతర్ధానాలు 63 జాతులు: 40 పక్షులు, 21 క్షీరదాలు, 2 సరీసృపాలు. ఎలుకల వాటా 75 జాతులు. పక్షులకు ఎలుకలు ఇంకా పెద్ద ముప్పన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి, ముందుముందు దాని అవసరం పడుతుంది.

న్యూజిలాండ్‌లోని స్టీఫెన్స్ దీవి కథ చాలామంది విని ఉంటారు: 1894లో లైట్‌హౌస్ కాపలాదారుడి పిల్లి ఒక్కటే ఎగరలేని చిన్న రెన్ పిట్ట జాతిని అంతం చేసిందని. కథ అంత సరళంగా జరగలేదు. దీవికి వచ్చిన పిల్లులు పిల్లలు పెట్టి పెరిగాయి, ఆ గుంపు మొత్తం కలిసి పిట్టను తుడిచేసింది. పైగా ఆ పిట్ట ఒకప్పుడు న్యూజిలాండ్ ప్రధాన భూభాగంలోనూ ఉండేది. మనుషులతో పాటు వచ్చిన పసిఫిక్ ఎలుకలు అక్కడ ముందే దాన్ని లేకుండా చేశాయి. పిల్లులు చేసింది చివరి స్థావరాన్ని ఖాళీ చేయడం.

దక్షిణాఫ్రికాకు చెందిన మారియన్ దీవి మీద వాతావరణ కేంద్రంలో ఎలుకల బెడద తగ్గించడానికి 1949లో ఐదు పిల్లులను తెచ్చారు. 1970ల నాటికి వాటి సంతతి వేలకు చేరి, ఏటా సుమారు 4,55,000 పెట్రెల్ పక్షులను తింటున్నట్టు అంచనా వేశారు. 1977లో పిల్లులకు సోకే పాన్‌ల్యూకోపీనియా వైరస్‌ను వదిలారు. చాలావరకు తగ్గాయి, కానీ బతికి బయటపడ్డవాటికి రోగనిరోధక శక్తి వచ్చింది. ఆ తర్వాత రాత్రివేళ తుపాకులతో వేట, ఉచ్చులు, విషం. చివరి పిల్లి పోయేసరికి 1991. ఐదు పిల్లులను దించడానికి ఒక్క రోజు చాలింది, తీసేయడానికి పద్నాలుగేళ్లు పట్టింది.

ఆస్ట్రేలియాకు చెందిన మాక్వారీ దీవి మరో సంగతి చెబుతుంది. అక్కడ పిల్లులు 19వ శతాబ్దం ఆరంభం నుంచే ఉన్నాయి. దీవికి ప్రత్యేకమైన చిలుక జాతి వాటితో పాటే దశాబ్దాలు బతికింది. 1879లో కుందేళ్లను వదిలారు. పిల్లులకు చలికాలంలోనూ తిండి దొరకసాగింది, సంఖ్య పెరిగింది. 1891 నాటికి చిలుక లేదు. మామూలుగా ఎర తగ్గితే వేటగాడూ ఆకలితో తగ్గుతాడు, దాంతో మిగిలినవి కోలుకుంటాయి. వేటగాడికి వేరే తిండి సమృద్ధిగా ఉంటే ఆ కళ్లెం తెగిపోతుంది. ఊళ్లలో మనం పెట్టే పిల్లి తిండి చేసే పని కూడా సరిగ్గా ఇదే. పిట్టలు ఎంత తగ్గినా పిల్లులు తగ్గవు.

ఆస్ట్రేలియా: దీవి లాంటి ఖండం

1788లో యూరోపియన్ల ఓడలతో పిల్లి ఆస్ట్రేలియా చేరింది. ఆ తర్వాత అక్కడ 30కి పైగా స్థానిక క్షీరద జాతులు అంతరించాయి. వాటిలో 20కి పైబడిన జాతుల విషయంలో పిల్లి పాత్ర ఉందని పరిశోధకులు భావిస్తారు. పోయినవాటిలో ఎక్కువ శాతం పిల్లికీ నక్కకూ నోటికి సరిపడే పరిమాణం గలవి, 35 గ్రాముల నుంచి 5.5 కిలోల మధ్యవి. చాలా చిన్నవి, చాలా పెద్దవి తట్టుకున్నాయి.

ఇక్కడ కూడా పిల్లి ఒంటరిగా పనిచేయలేదు. నక్కలను తెచ్చారు, పశువులు గడ్డిని నేలమట్టం చేశాయి, అడవి మంటల తీరు మారింది. దాక్కోవడానికి పొదలు లేని నేలలో పిల్లి వేట ఎక్కువగా ఫలిస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో రేడియో కాలర్లు కట్టిన పిల్లులు, కొత్తగా కాలిన ప్రాంతాల కోసం తమ హద్దులు దాటి పది కిలోమీటర్లకు పైగా నడిచి వెళ్లాయి. పొదలను కాపాడటం కూడా పిల్లి నుంచి రక్షణే.

అయితే అదే పరిమాణంలో ఇంకా మిగిలిన జాతులు కంచె లోపల బతుకుతాయని రుజువైంది. మధ్య ఆస్ట్రేలియాలోని న్యూహేవెన్‌లో 44 కిలోమీటర్ల కంచె కట్టి, లోపలి 94 చదరపు కిలోమీటర్లలో పిల్లులను తీసేశాక స్థానిక జంతువులను తిరిగి వదిలారు. కంచె బయట వదిలిన ఇలాంటి జంతువులు చాలా సందర్భాల్లో నిలదొక్కుకోలేదు. కారణం ఏమిటో చూపడానికి ఇంతకన్నా నేరుగా ఉండే ప్రయోగం దొరకదు.

ఊళ్ల దగ్గర అభిప్రాయాలు ఎందుకు చీలతాయి?

యూరప్‌లో పిల్లి జాతి అడవి జంతువులు ఎప్పటినుంచో ఉన్నాయి, అక్కడి పిట్టలకు ఆ భయం కొత్తది కాదు. బ్రిటన్‌లోని పక్షుల సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ, తోటల్లో పిల్లుల వేట వల్ల దేశవ్యాప్తంగా పక్షుల సంఖ్య తగ్గుతోందనడానికి స్పష్టమైన శాస్త్రీయ ఆధారం లేదంటోంది. దీనికి మద్దతుగా చూపే ముఖ్యమైన పరిశీలన ఒకటుంది. బ్రిస్టల్ నగరంలో పిల్లులు చంపిన పిట్టలను, అద్దాలకో వాహనాలకో తగిలి చచ్చినవాటితో పోల్చి చూశారు. పిల్లికి చిక్కినవి బలహీనంగా ఉన్నాయి. అంటే ఎలాగూ పోయేవే ఎక్కువగా చిక్కుతున్నాయని వాదన. మన లెక్కలో పూడిపోయే మరణం.

ఎదుటి పక్షం వాదనలో కూడా బలముంది. బలహీనంగా ఉన్న పిట్ట తప్పకుండా చచ్చేదని అనలేం, కొన్ని కోలుకుంటాయి. పైగా కొన్ని చోట్ల నేరుగా కొలిచిన ఫలితాలు వేరుగా ఉన్నాయి. వాషింగ్టన్ శివార్లలో గ్రే క్యాట్‌బర్డ్ అనే పిట్ట పిల్లలకు ట్రాన్స్‌మిటర్లు కట్టి అనుసరిస్తే, చనిపోయినవాటిలో 79 శాతం వేటగాళ్ల పాలయ్యాయి. చంపిందెవరో తెలిసిన కేసుల్లో దాదాపు సగం పిల్లులవే. ఇక న్యూజిలాండ్‌లోని డనేడిన్‌లో, కొన్ని జాతుల విషయంలో పిల్లులు ఏటా చంపుతున్నవి ఆ పట్టణంలో ఏటా పుట్టేవాటితో దాదాపు సమానమో ఎక్కువో అని తేలింది. అయినా పిట్టలు కనబడుతూనే ఉన్నాయి. చుట్టుపక్కల అడవుల నుంచి వచ్చి చేరుతుండటం వల్ల అలా జరుగుతుందన్నది పరిశోధకుల వివరణ. తోటలో పిట్టలు ఎప్పటిలాగే ఉన్నాయని ఊరట పడేముందు ఈ అవకాశాన్ని తోసిపుచ్చగలగాలి.

పెంపుడు పిల్లి ఒక్కొక్కటి చంపేది తక్కువే అయినా, అవి ఒకే చోట కిక్కిరిసి ఉండటం మరో సమస్య. ఆరు దేశాల్లో 925 పెంపుడు పిల్లులకు జీపీఎస్ కట్టి చూస్తే, చాలావరకు ఇంటికి 100 మీటర్ల లోపే తిరిగాయి. ఆ ఇరుకు పరిధిలో హెక్టారుకు ఏడాదికి సగటున 14 నుంచి 39 ప్రాణులు బలయ్యాయి. అదే పరిమాణంలోని అడవి వేటజంతువు విశాలమైన నేల మీద తిరుగుతుంది కాబట్టి, ఒక హెక్టారు మీద దాని భారం ఇందులో సగం నుంచి పదో వంతు వరకే ఉంటుంది. మనుషులు పిల్లిని పోషిస్తారు కాబట్టి, ఆ చోటు మోయగలిగినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేటగాళ్లు అక్కడ పోగవుతున్నాయి.

భవనాల అద్దాలకు తగిలి అమెరికాలో ఏటా 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షులు చనిపోతున్నాయని 2014 అంచనా. ఆవాసం పోవడం వల్ల కలిగే నష్టం వీటన్నిటికంటే లోతైనది. అది చావుల లెక్కలో కనబడదు, పుట్టాల్సినవి పుట్టకపోవడంలో ఉంటుంది. పిల్లి ఒక్కటే దోషి అనడం సరికాదు. ఇతర కారణాలున్నాయి కాబట్టి పిల్లిని వదిలేద్దామనడానికీ లెక్క ఒప్పుకోదు. గూడు పెట్టే చోటు తగ్గిపోయిన జాతికి అదనపు మరణం మరింత భారం.

పంజా తగలకుండానే జరిగే నష్టం

బ్రిటన్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు బ్లాక్‌బర్డ్ అనే పిట్ట గూళ్ల దగ్గర ఒక చచ్చిన పిల్లిని బతికున్నట్టే కనిపించేలా తయారుచేసి, 15 నిమిషాలు మాత్రం ఉంచి తీసేశారు. ఆ తర్వాత కూడా గంటన్నర సేపు తల్లిదండ్రులు పిల్లలకు తిండి తెచ్చే వేగం మూడో వంతుకు పైగా తగ్గింది. అరుస్తూ పిల్లిని బెదరగొట్టే ప్రయత్నంలో గూటి జాడ కాకి జాతి పక్షులకు తెలిసిపోయి, తర్వాత ఆ గూళ్లు ఎక్కువగా దోపిడీకి గురయ్యాయి. పిల్లి ఎవరినీ ముట్టుకోలేదు.

టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి కుటుంబం పేగుల్లో మాత్రమే పూర్తి జీవితచక్రం నడుపుతుంది. మొదటిసారి సోకిన పిల్లి మలంతో కొన్ని రోజుల పాటు కోట్ల సంఖ్యలో గుడ్ల లాంటి కణాలు బయటికి వస్తాయి. అవి నేలలో నెలల తరబడి బతుకుతాయి, వాననీటితో సముద్రానికి చేరతాయి. హవాయిలో అరుదైన అలాలా కాకులు, మాంక్ సీల్‌లు ఈ జబ్బుతో చనిపోయాయి.

ఎలుకలను అదుపులో ఉంచుతుంది కదా?

పిల్లికి అనుకూలంగా వినిపించే బలమైన వాదం ఇది. చిట్టెలుకల విషయంలో కొంత నిజం. పెద్ద ఎలుక 300 గ్రాములుంటుంది, తిరగబడి కరుస్తుంది. 20 గ్రాముల పిట్టో చిట్టెలుకో దొరికే చోట పిల్లి దాని జోలికి పెద్దగా వెళ్లదు. న్యూయార్క్‌లో చెత్త నిర్వహణ కేంద్రం దగ్గర 79 రోజులు కెమెరాలతో చూస్తే, పిల్లులు చంపిన ఎలుకలు రెండే. పిల్లులున్నప్పుడు ఎలుకలు దాక్కున్నాయి, అంతే. కనబడటం తగ్గింది కాబట్టి సంఖ్యే తగ్గిందన్న భ్రమ కలుగుతుంది.

కానీ దీవుల్లో ఈ వాదానికి వేరే రూపముంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. న్యూజిలాండ్‌లోని హౌటూరు దీవి నుంచి 1980 నాటికి పిల్లులను తొలగించారు. కుక్స్ పెట్రెల్ పక్షులు కోలుకుంటాయనుకుంటే, గూళ్లలో పిల్లలు బతకడం ఇంకా తగ్గింది. పిల్లి భయం పోయిన పసిఫిక్ ఎలుకలు గుడ్ల మీద పడ్డాయి. 2004లో ఎలుకలనూ తీసేశాకే పక్షులు పుంజుకున్నాయి. మారియన్‌లో కూడా పిల్లులు పోయిన కొన్నేళ్లకు చిట్టెలుకలు ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి పిల్లలను బతికుండగానే కొరికి తినడం మొదలైంది. అక్కడ ఇప్పటి సమస్య అదే. పెద్ద వేటగాణ్ని తీసేసేటప్పుడు చిన్న వేటగాణ్ని కూడా కలిపి ఆలోచించాలని ఈ రెండు దీవులూ నేర్పాయి.

మెడకు గంట, మాంసం తిండి, రంగు పట్టీ: ఏది ఎంత పనిచేస్తుంది?

నైరుతి ఇంగ్లండ్‌లో జరిపి 2021లో ప్రచురించిన ప్రయోగం ఫలితాలు చాలామంది ఊహించినట్టు లేవు. మాంసపు ప్రొటీన్ ఎక్కువగా, ధాన్యం లేకుండా ఉన్న తిండి పెడితే ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఈక లాంటి బొమ్మతో వేటాట ఆడిస్తే 25 శాతం తగ్గింది. మెడపట్టీ మీద వేసే గాఢరంగుల గుడ్డ తొడుగు వల్ల పక్షులు 42 శాతం తగ్గాయి, ఎలుకల జాతివి మాత్రం తగ్గలేదు. కారణం సులభం: పక్షులకు రంగులు బాగా కనబడతాయి, రాత్రి తిరిగే చిన్న క్షీరదాలకు కనబడవు. గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తిండిని బయటికి లాక్కునేలా చేసే పజిల్ గిన్నెల వల్ల వేట 33 శాతం పెరిగింది. అలవాటు లేని గిన్నె నుంచి తిండి సరిగ్గా అందక ఆకలో చిరాకో కలిగి ఉంటుందని పరిశోధకుల ఊహ.

ఇవన్నీ ఇంటికి తెచ్చినవాటి మీద వేసిన లెక్కలని మరవకూడదు. మెడపట్టీ ఏదైనా, కొమ్మకు తగులుకుంటే దానంతటదే ఊడిపోయే రకం కావాలి, లేకపోతే పిల్లి మెడకే ఉరి. రాత్రి మాత్రమే ఇంట్లో ఉంచితే రాత్రి తిరిగే ఎలుకజాతి ప్రాణులకు మేలు. పిట్టలు తెల్లవారుజామునే నేల మీదికి దిగుతాయి కాబట్టి, వాటికి మేలు జరగాలంటే సూర్యోదయం దాటి చాలాసేపటి దాకా తలుపు తీయకూడదు.

వీధి గుంపులు: ఆపరేషన్ చేసి వదలడమా, పట్టుకుపోవడమా?

పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, తిరిగి అదే చోట వదిలే పద్ధతిని చాలా నగరాలు పాటిస్తున్నాయి. చంపకుండా సమస్య తీరుతుందన్నది దీని వెనకున్న ఆశ. అది ఎప్పుడు ఫలిస్తుందో ఒక గుంపుతో చూద్దాం. 20 పిల్లులు, అందులో 10 ఆడవి. ఒక్కోటి ఏడాదికి రెండు ఈతలు, ఈతకు నాలుగు పిల్లలు. మొత్తం 80 పిల్లలు. వీధిలో పుట్టినవాటిలో నాలుగింట మూడు వంతులు ఆరు నెలలు నిండకుండానే చనిపోతాయనుకుంటే 20 మిగులుతాయి. పెద్దవాటిలో ఏడాదికి 6 పోతాయనుకుందాం. గుంపు 20 నుంచి 34 అవుతుంది.

ఆడవాటిలో 7కి ఆపరేషన్ అయితే, మిగిలిన మూడింటికి 24 పుట్టి 6 బతుకుతాయి. పోయేవి 6, చేరేవి 6. ఇంత శ్రమపడి 70 శాతానికి చేరితే గుంపు ఉన్నచోటే ఉంటుంది. పదికి పదీ పూర్తయితే 20, 14, 10, 7, 5 ఇలా తగ్గుతుంది. కానీ ఏటా కొత్తగా మూడు పిల్లులు వచ్చి చేరితే, వాటికి కూడా వెంటనే ఆపరేషన్ చేసినా సరే, గుంపు ఎప్పటికీ 10 దగ్గర ఆగిపోతుంది. ఈ పద్ధతి ఫలించిన చోట్లూ విఫలమైన చోట్లూ చాలావరకు తేడా ఇక్కడే ఉంటుంది: వదిలేసిన పిల్లులు వచ్చి చేరడం ఆగిందా లేదా.

పక్షుల వైపు నుంచి చూస్తే మరో విషయం: తగ్గే ఆ అయిదారేళ్లూ గుంపు వేటాడుతూనే ఉంటుంది. బజారు వీధిలో దీని వల్ల పెద్దగా నష్టం ఉండకపోవచ్చు. సముద్రపక్షులు గూళ్లు పెట్టే తీరం పక్కనైతే, పై పెట్రెల్ లెక్క ప్రకారం ఆ కాలం చాలా ఖరీదైనది.

అడపాదడపా కొన్నిటిని చంపడం కూడా పరిష్కారం కాదు. టాస్మానియాలో తక్కువ స్థాయిలో పిల్లులను తొలగించిన చోట్ల, సంఖ్య తగ్గకపోగా 75 నుంచి 211 శాతం పెరిగినట్టు తేలింది. ఆ చోటును ఏలుతున్న పెద్ద పిల్లులు పోగానే, చుట్టుపక్కల కుర్రపిల్లులు ఒకటికి రెండుగా వచ్చి చేరాయి. చుట్టూ నీళ్లో కంచో లేని చోట సగంలో ఆపే పని, మొదలుపెట్టకపోవడం కన్నా చెడ్డది కావచ్చు.

అందుకే కొన్ని ప్రభుత్వాలు మూలాన్ని మూసే దారి పట్టాయి. జర్మనీలోని వాల్‌డార్ఫ్ పట్టణంలో నేల మీద గూడు పెట్టే క్రెస్టెడ్ లార్క్ జంటలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగలడంతో, 2022లో దక్షిణ భాగంలోని పిల్లులను గూళ్ల కాలమంతా, ఆగస్టు చివరి దాకా, ఇంట్లోనే ఉంచాలని ఆదేశించారు. మిగిలినవి అంత తక్కువైనప్పుడు ఒక్క గూడు పోవడమూ అదనపు మరణమే. పిల్లుల యజమానులు మాత్రం బయట తిరిగి అలవాటైన జంతువును నెలల తరబడి బంధించడం క్రూరమని అభ్యంతరం చెప్పారు, అందులోనూ న్యాయముంది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఆ చిక్కును ముందే చూసి వేరే దారి ఎంచుకున్నారు: 2022 జులై 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లులకు ఇల్లో, కంచె వేసిన పెరడో దాటకూడదన్న నియమం. పుట్టినప్పటి నుంచే లోపల పెరిగిన పిల్లికి అది శిక్షలా ఉండదు. అప్పటికే తిరుగుతున్నవాటికి చాలా చోట్ల మినహాయింపు ఇచ్చారు. పిల్లి పదిహేనేళ్లు బతకగలదు కాబట్టి, ఆ నియమం పూర్తి ఫలితం అక్కడి పిట్టలకు అందేది 2030ల చివర్లోనే.